గన్నవరము విమానాశ్రయము – ఖాళీ సీటు చెప్పు పాఠము

రేవు అనగా ఓడ ఆగు చోటు మాత్రమే కాదు. సరకు, జనము, ధనము ఒకచోట కలసికొను తావు రేవు. ఈ సంగతి బందరు ప్రాంతపు వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. బందరు అను మాటకే పారసీ భాషలో రేవు అని అర్థము. ఉర్దూ చదువుకొను మా సహాధ్యాయులు ఈ మాటను వినగానే గుర్తింతురు. పూర్వము ఓడరేవు నిర్వహించిన పనిని నేటి కాలమున చాలవరకు విమానాశ్రయము నిర్వహించుచున్నది. కావున మన డెల్టాకు సమీపమున గన్నవరములో నున్న విమానాశ్రయమును గూర్చి తెలిసికొనుట మనకు కేవలము విజ్ఞాన విషయము గాదు. మన రాకపోకలకు, బ్రతుకుతెరువునకు సంబంధించిన విషయము.

ఈ వ్యాసమున మేము మూడు ప్రశ్నలను విచారింపదలచితిమి. రాజధానికి దూరముగా నుండు రెండవ విమానాశ్రయములు లోకములో ఎట్లు బ్రతుకుచున్నవి? తక్కువ ఛార్జీల విమాన సంస్థలు ఏ లెక్కమీద నడచుచున్నవి? ఆ లెక్క గన్నవరమున ఏల కొన్నిసార్లు కుదిరినది, ఏల కొన్నిసార్లు తప్పినది?

1. రెండవ విమానాశ్రయము అనగా నేమి?

ఒక మహానగరమునకు పెద్ద విమానాశ్రయ మొకటి యుండును. అక్కడ రద్దీ హెచ్చు, దిగుటకు చెల్లించు రుసుము హెచ్చు, విమానము నిలుపుటకు చోటు తక్కువ. అదే నగరమునకు కొంత దూరమున మరియొక విమానాశ్రయ ముండినచో అక్కడ రుసుములు తక్కువ, వేచియుండు కాలము తక్కువ. తక్కువ ధరకు టిక్కెట్టు అమ్మదలచిన సంస్థలు ఈ రెండవ దానిని ఎన్నుకొనును.

ఇందుకు తొలి ఉదాహరణ అమెరికాలో కలదు. టెక్సాస్ రాష్ట్రమున 1971లో సౌత్‌వెస్ట్ అను సంస్థ విమానములు నడుపసాగినది. 1974లో డల్లాస్ నగరమునకు పెద్ద విమానాశ్రయము తెరువబడి తక్కిన సంస్థలన్నియు అటు తరలిపోయినను, సౌత్‌వెస్ట్ మాత్రము పాత లవ్ ఫీల్డు విమానాశ్రయమునే అంటిపెట్టుకొని యుండి లాభము గడించినది.

ఇంగ్లాండులో స్టాన్‌స్టెడ్ రెండవ ఉదాహరణము. ఇది రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943లో, అమెరికా వైమానిక దళముకొరకు తెరచిన యుద్ధ విమానక్షేత్రము. 1991లో అక్కడ కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. ఆ భవనము క్రిందనే రైల్వే స్టేషను నిర్మించిరి. లండన్ నగరమునుండి రైలెక్కినవాడు సుమారు ముప్పాతిక గంటలో విమానము వాకిట దిగును. తరువాత రయన్ఎయిర్ అను చౌకధర సంస్థకు అది ముఖ్యస్థావర మయినది.

మూడవది థాయిలాండు రాజధాని బాంకాక్‌లోని డాన్ మువాంగ్. 1914 నుండి నడచిన ఈ విమానాశ్రయము 2006లో సువర్ణభూమి అను కొత్త విమానాశ్రయము తెరచుటతో మూతబడినది. మరుసటి సంవత్సరమే దానిని మరల తెరువవలసి వచ్చినది. 2012లో ఎయిర్ ఏషియా సంస్థ అటు మారిన పిమ్మట అది చౌకధర విమానముల కూడలిగా నిలిచినది.

మన తెలుగునాట ఈ వరుసలో మొదటిది హైదరాబాదుకు చెందిన శంషాబాదు. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానము లన్నియు అక్కడికి మారినవి. గన్నవరము అమరావతి రాజధాని ప్రాంతమునకు దగ్గరి విమానాశ్రయమే ఐనను, విదేశములకు పోవు తెలుగువాని మనస్సులో నేటికిని శంషాబాదు తరువాతి స్థానమే దానిది. 2018–19 సంవత్సరమున గన్నవరమునుండి సుమారు 12 లక్షలమంది ప్రయాణింపగా, శంషాబాదునుండి రెండు కోట్లకు పైగా ప్రయాణించిరి. ఈ తారతమ్యమును గుర్తుంచుకొననిదే తరువాతి కథ బోధపడదు.

2. చౌక టిక్కెట్టు వెనుకనున్న లెక్క

చౌకగా అమ్మువాడు దానము చేయుటలేదు. ఖర్చు తగ్గించి, సీట్లు నింపి, ఆ లాభములో కొంత ప్రయాణికునకు పంచుచున్నాడు. అన్నియు ఒకే రకపు విమానములు కొనుట, అందువలన ఒకే శిక్షణ, ఒకే రకపు విడిభాగములు చాలుట. భోజనము ఉచితముగా పెట్టకుండుట. దిగిన విమానమును అరగంటలో మరల ఎగురవేయుట – ఇవి ఆ పద్ధతిలోని ముఖ్యాంశములు. నేలమీద నిలిచిన విమానము జీతము పుచ్చుకొని కూర్చున్న పనివానివంటిది.

విద్యార్థులకు స్పష్టమగుటకై ఒక ఊహా లెక్కను చూపుచున్నాము. ఒక విమానమును ఒక ప్రయాణము నడుపుటకు రూ. 9,00,000 ఖర్చగుననుకొందము. అందు 180 సీట్లు కలవనుకొందము. సీట్లన్నియు నిండినచో ఒక్కొక్కరికి పడు ఖర్చు రూ. 5,000. నూటయిరువదిమందియే ఎక్కినచో రూ. 7,500. తొంబదిమంది ఎక్కినచో రూ. 10,000. ఇంధనము, పైలటు జీతము, దిగుడు రుసుము సీట్లు నిండినను నిండకున్నను దాదాపు ఒక్కటే. సంస్థ రూ. 5,000 చొప్పుననే అమ్మి తొంబదిమందిని ఎక్కించుకొన్నచో ఒక్క ప్రయాణమునకు రూ. 4,50,000 నష్టము. వారమునకు రెండుసార్లు పోయి వచ్చు విమానమునకు ఈ నష్టము వారమునకు 18 లక్షలు.

దీనినిబట్టి తేలునదేమి? ఖాళీ సీటునకు కూడ వెల కలదు. దానిని ఎవరో ఒకరు చెల్లింపవలసినదే. ప్రక్క సీటులోని ప్రయాణికుడు హెచ్చు ఛార్జీ రూపమున చెల్లింపవచ్చును. సంస్థ నష్టపడి చెల్లింపవచ్చును. లేదా ప్రభుత్వము ప్రజల పన్నునుండి చెల్లింపవచ్చును. నాలుగవ దారి లేదు.

మూడవ దారి వివాదములకు తావిచ్చుట కూడ కలదు. బెల్జియము రాజధాని బ్రస్సెల్స్‌కు దక్షిణమున షార్లెరువా అను విమానాశ్రయ మున్నది. ఆ ప్రాంతీయ ప్రభుత్వము రయన్ఎయిర్‌కు దిగుడు రుసుములలో రాయితీ యిచ్చినది. ఇది న్యాయమైన పోటీకి విరుద్ధమని, కొంత సొమ్ము తిరిగి రాబట్టవలెనని ఐరోపా కమిషన్ 2004లో తీర్పు చెప్పినది. 2008లో ఐరోపా న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసినది. రాయితీ ఇయ్యవచ్చునా కూడదా అను వాదము అటుంచినను, ఆ రాయితీవలన ఎక్కువమంది ప్రయాణికులు వచ్చి ఆ విమానాశ్రయము నిలదొక్కుకొన్నదనుట మాత్రము నిజము. తాత్కాలికమైన సహాయము అలవాటుగా మారిన ప్రయాణమును పుట్టించినచో అది పెట్టుబడి. పుట్టింపలేనిచో అది ఖర్చు మాత్రమే.

3. గన్నవరము పూర్వచరిత్ర

గన్నవరము కూడ స్టాన్‌స్టెడ్ వలెనే రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికావసరములకు ఉపయోగపడిన క్షేత్రము. తరువాత అది పౌర విమానాశ్రయమయినను చాలకాలము దాని ఉపయోగము స్వల్పము. 2003 సెప్టెంబరులో కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్ సంస్థ హైదరాబాదు–విజయవాడల మధ్య నిత్యసర్వీసు ప్రారంభించినది. మన దేశమున చౌకధర విమానయానమునకు నాంది పలికిన సంస్థ అదియే. అది నడిపిన ఏటీఆర్ విమానము మన ఊరి బస్సునకు కొంచెము పెద్దన్నవంటిది. ఐనను రైలుబండి తప్ప వేరెరుగని కుటుంబములకు ఆకాశమార్గమును చూపినది.

2011 వరకు ఇక్కడినుండి రోజునకు నాలుగు విమానములకు మించి నడువలేదు. ఆ తరువాత స్పైస్‌జెట్, జెట్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఇండియా మొదలగునవి వచ్చినవి. విజయవాడవారే స్థాపించిన ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎగిరినది. కాని ఈ రంగమున సంస్థల ఆయుర్దాయము అల్పము. ఎయిర్ డెక్కన్ కింగ్‌ఫిషర్‌లో కలసినది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయినది. ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలోను, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లోను నేలకు దిగినవి. సంస్థలు పుట్టి గిట్టుచున్నను రన్‌వే మాత్రము నిలిచియున్నది. పాత రేవులలోను ఇంతియే. ఓడలు మారినవి, రేవు మారలేదు.

రాష్ట్ర విభజన చట్టము 2014లో వచ్చినప్పుడు విశాఖపట్టణము, విజయవాడ, తిరుపతి విమానాశ్రయములను అంతర్జాతీయ స్థాయికి పెంచవలెనను మాట అందు చేర్చబడినది. విభజన పిమ్మట రాష్ట్రప్రభుత్వము విమాన ఇంధనముపై పన్నును 1 శాతమునకు తగ్గించినది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ భవనము తెరువబడినది. ఆ యేడు మే నెలలో కేంద్ర మంత్రివర్గము అంతర్జాతీయ హోదా నంగీకరించినది. 2016–17లో ఆరు లక్షలకు పైబడిన ప్రయాణికుల సంఖ్య రెండేండ్లలో రెట్టింపయినది.

రన్‌వే పొడవు 2,286 మీటర్లు చాలదని 3,360 మీటర్లకు పెంచిరి. దీనికొరకు కేసరపల్లి, బుద్ధవరము, అజ్జంపూడి గ్రామముల రైతులు భూములిచ్చిరి. ఇచ్చినది సుమారు 700 ఎకరములు. పొలము విలువ తెలిసిన డెల్టా వాసులకు ఈ అంకె ఎంత బరువైనదో వివరింప నక్కరలేదు. ఆ నేలమీద విమానము దిగకున్నచో, దిగినను మనవారు ఎక్కకున్నచో, ఆ త్యాగమునకు ఫలమేమి? ఈ ప్రశ్న మా వ్యాసమునకు ప్రాణము.

4. అంతర్జాతీయ మార్గములు – మూడు అనుభవములు

మొదటిది సింగపూరు విమానము. 2018 డిసెంబరు 4వ తేదీన ఇండిగో సంస్థ వారమునకు రెండుసార్లు నడుచు సర్వీసును ప్రారంభించినది. సీట్లు తగినన్ని నిండనిచో ఆ నష్టమును రాష్ట్రప్రభుత్వము పూరించునట్లు ఒప్పందము జరిగినది. పైన మేము చెప్పిన మూడవ దారి ఇదియే. 2019 నడుమ ఆ సహాయము ఆగుటతో విమానము కూడ ఆగిపోయినది. ఆరునెలల కాలము ఒక ప్రయాణపు అలవాటును పుట్టించుటకు చాలదు. అదే మార్గమున మరల సర్వీసు మొదలగుటకు 2025 నవంబరు వరకు ఆగవలసి వచ్చినది.

రెండవది షార్జా విమానము. 2022 అక్టోబరు చివర ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ దీనిని ప్రారంభించినది. గల్ఫ్ దేశములలో పనిచేయు కోస్తా తెలుగువారు ఏటేట ఇంటికి వచ్చి పోవువారు. ఇట్టి ప్రయాణము వినోదమునకు గాక బ్రతుకునకై చేయునది గనుక స్థిరమైనది. 2020 మే నెలలో మహమ్మారి కాలమున విదేశములలో చిక్కుకొన్న మనవారు ప్రత్యేక విమానములలో గన్నవరమున దిగిరి. ఈ ప్రాంతమునుండి ఎందరు పరదేశములలో నున్నారో అప్పుడు చాలమందికి కన్నులకు కట్టినది.

మూడవది హజ్ యాత్ర. మన ప్రాంతపు ముస్లిము కుటుంబములకు ఇది అత్యంత సన్నిహితమైన విషయము. అంతకు పూర్వము ఈ ప్రాంతపు యాత్రికులు హైదరాబాదు పోయి విమానమెక్కెడివారు. 2023 జూనులో మొదటిసారిగా గన్నవరమునుండియే హజ్ విమానములు బయలుదేరినవి. సుమారు 1,800 మంది ఆ యేడు ఇచటినుండి వెళ్లిరి. వృద్ధులైన తల్లిదండ్రులను సాగనంపుటకు పెడన, బందరు, గుడివాడ, అవనిగడ్డల వారికి ఇది ఎంత ఊరటయో ఊహింపవచ్చును. కాని హైదరాబాదుకన్న ఇచట ఒక్కొక్కరికి సుమారు 80,000 రూపాయలు హెచ్చు పడినది. ఆ యేడు ఆ భారమును రాష్ట్రప్రభుత్వము వహించినది. అందుకు సుమారు రూ. 14.5 కోట్లు మంజూరు చేసినది.

ఇంత తేడా ఏల వచ్చినది? హజ్ విమానము పోవునప్పుడు నిండుగా పోయి, తిరిగి వచ్చునప్పుడు ఖాళీగా వచ్చును. నలుబది రోజుల తరువాత మరల ఖాళీగా పోయి యాత్రికులను తీసికొనివచ్చును. కావున ఒకవైపు ప్రయాణికుడు రెండువైపుల ఖర్చును మోయును. వేలమంది యాత్రికులున్న పెద్ద కేంద్రమున సంస్థల పోటీవలన ధర తగ్గును. కొలదిమంది యున్నచోట పోటీ యుండదు. 2025 యాత్రకు విజయవాడను ఎన్నుకొన్నవారు నూరుమంది కూడ లేకపోయిరి. అందుచే ఆ యేడు ఆ సదుపాయము తొలగింపబడినది.

ఇందు యాత్రికుల తప్పు లేదు. జీవితకాలపు పొదుపుతో పోవువాడు ఎనభైవేలు తేడా యున్నప్పుడు దగ్గరి విమానాశ్రయమును గాక చౌకైన దానిని కోరుకొనుట సహజము. కాని ఇచట ఒక విషవలయము కలదు. జనము తక్కువైనందున ధర హెచ్చును. ధర హెచ్చుటచే జనము మరింత తగ్గుదురు. ఈ వలయమును ఒక చోట తెంపనిదే దూరపు ప్రయాణము మనకు తప్పదు.

5. బందరు రేవునుండి నేర్వదగినది

ఇచట మన ప్రాంతపు పూర్వచరిత్ర ఉపకరించును. మచిలీపట్టణపు రేవు లోతైనది కాదు. పెద్ద ఓడలు తీరమునకు కొన్ని మైళ్ల దూరముననే లంగరు వేయగా, చిన్న పడవలలో సరకులను, మనుష్యులను చేరవేయవలసి యుండెను. ఐనను పదునేడవ శతాబ్దమున లోకమంతయు ఆ రేవునకు వచ్చినది. డచ్చివారు ఆ శతాబ్దపు తొలి దశకములోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడ వర్తకశాలలు పెట్టిరి. గోలకొండ సుల్తానుల ఓడలు ఎర్రసముద్రపు రేవులకు సరకులతోపాటు మక్కా యాత్రికులను కొనిపోయినవి. గన్నవరమునుండి 2023లో ఎగిరిన యాత్రికులు ఒక విధముగా ఆ పాత మార్గమునే పట్టిరి.

లోతులేని రేవునకు అంత వ్యాపార మెట్లు వచ్చినది? అద్దకపు వస్త్రములవలన వచ్చినది. పారసీకము మొదలు తూర్పు దీవులవరకు ఈ ప్రాంతపు వస్త్రములకు గిరాకి యుండెను. కలంకారీ అను మాట కూడ ఆ వర్తకము మిగిల్చిపోయిన పారసీ మాటయే. నేటికిని మా పెడనలో కరక్కాయ నీట తడిసిన గుడ్డపై చెక్క అచ్చుల చప్పుడు వినబడుచునే యున్నది.

ఆ వర్తకము క్షీణించుటకు కారణము రేవు పూడిపోవుట ఒక్కటే కాదు. 1641లో ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును మద్రాసునకు మార్చిరి. 1687లో గోలకొండ రాజ్యము పడిపోయి రేవునకు ఆధారమైన రాజధాని చెదరినది. తరువాత యంత్రపు గుడ్డ వచ్చినది. 1864 నవంబరు 1వ తేదీ నాటి తుపాను, ఉప్పెన సుమారు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నవి. సరకు, జనము, రాజధాని – ఈ మూడును తొలగిన పిమ్మట రేవు పేరునకు మిగిలినది.

పోలికను గమనింపుడు. నాటి బందరునకు లోతు లేదు, సరకు కలదు. అందుచే అది అంతర్జాతీయ రేవయినది. నేటి గన్నవరమునకు 3,360 మీటర్ల రన్‌వే కలదు. నిత్యము నిండు సీట్లు మాత్రము ఇంకను సమకూరవలెను. అంతర్జాతీయమను బిరుదును ప్రభుత్వ మీయగలదు; అంతర్జాతీయ రాకపోకలను ప్రజలు, వ్యాపారము మాత్రమే ఈయగలరు.

6. ఏమి చేయవలెను?

మొదటిది దారి. స్టాన్‌స్టెడ్‌నకు రైలు ఎట్టిదో గన్నవరమునకు డెల్టా బస్సు అట్టిది కావలెను. పెడననుండి గుడివాడ మీదుగా విజయవాడకు పోవు రైలుమార్గము గన్నవరమును తాకదు. గన్నవరము స్టేషను విజయవాడ–ఏలూరు మార్గమున నున్నది. మచిలీపట్టణమునుండి, అవనిగడ్డనుండి విమాన వేళలకు అనుగుణముగా గన్నవరము వాకిటివరకు బస్సులు నడచినచో, బందరు రోడ్డుమీద రాత్రంతయు శంషాబాదునకు ప్రయాణించు శ్రమ చాలమందికి తప్పును.

రెండవది ప్రభుత్వ సహాయపు కాలపరిమితి. ఒక మార్గమునకు సహాయము చేయదలచినచో ఆరునెలలతో విడువక, రెండు మూడేండ్లకు ముందే ప్రకటించి, యేటేట తగ్గించుకొనుచు పోవలెను. 2016లో ప్రకటింపబడిన ఉడాన్ పథకమున దేశీయ మార్గములకు మూడేండ్ల సహాయమును నిర్ణయించుట ఈ ఉద్దేశముతోనే. హజ్ యాత్ర విషయమునను ఇదియే న్యాయము. ధరలో తేడా ఎవరు భరింతురో దరఖాస్తు చేయు నాటికే తెలిసియున్నచో యాత్రికుడు ధైర్యముగా దగ్గరి కేంద్రమును ఎన్నుకొనును.

మూడవది సరకు. ప్రయాణికుల విమానపు అడుగుభాగమున సరకు పోవును. దాని కిరాయి ఖాళీ సీటు నష్టమును కొంత పూడ్చును. తేలికగా నుండి వెలగల వస్తువు విమానమునకు తగినది. మన అద్దకపు వస్త్రము అట్టిదే. పెడన వర్తకులు విడివిడిగా గాక కలసికట్టుగా సరకు పంపగలిగినప్పుడు బేరమాడు శక్తి కలుగును.

నాలుగవది విద్య. విమానాశ్రయమనగానే పైలటు ఒక్కడే మనకు తోచును. కాని సరకు లెక్క, సుంకపు పత్రములు, మరమ్మతు, భద్రత, టిక్కెట్ల వ్యవహారము – వీనిలో ఎన్నో ఉద్యోగములు కలవు. తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, ఆంగ్లము తెలిసిన డెల్టా యువతీయువకులకు గల్ఫ్ ప్రయాణికులతో మాటలాడుట సులభము. ఇది మన విద్యార్థులు నిర్లక్ష్యము చేయరాని యోగ్యత.

7. ఉపసంహారము

విమానమును చూచి ఆనందించుట వేరు, దానిని నిలుపుకొనుట వేరు. రైతు భూమి నిచ్చెను. ప్రభుత్వము రన్‌వే వేసెను. ఇక సీటు నింపుట, సరకు పంపుట, సకాలమున సరియైన సహాయమును అడుగుట ఈ ప్రాంతపు ప్రజలుగా మనందరి పని. పూర్వము మన తాతలు లోతులేని రేవునకు లోకమును రప్పించిరి. నిడుపైన రన్‌వే గల మనము అంతకన్న తక్కువ చేయరాదు. విద్యార్థినీ విద్యార్థులు ఈ విషయమును అంకెలతో ఆలోచించి, తమ ఇంటివారితోను ఊరివారితోను చర్చింతురని ఆశించుచున్నాము.